జియు-జిట్సు: పట్ల కన్నా ముందు తప్పించుకోవడం నేర్పండి

సంపాదకుల వారికి నమస్కారం.

ప్రత్యర్థిని నేల మీదకు తెచ్చి, గుద్దకుండా పట్లతో లొంగదీసే ఆట జియు-జిట్సు. క్రీడల పేజీల్లో ఇప్పుడు దాని వార్తలు కూడా కనబడుతున్నాయి. నాలుగు వరుసల వార్త, పక్కన మెడలో పతకాలతో పిల్లల ఫొటో. సంతోషమే. అయితే ఆ వార్త చూసి పిల్లల్ని చేర్చడానికి వచ్చే తల్లిదండ్రులు ముందుగా అడిగేవి రెండే: బ్లాక్ బెల్ట్ ఎన్నాళ్లకు వస్తుంది? ఎన్ని పట్లు నేర్పుతారు?

మొదటిదానికి జవాబు చిన్నది. ఐబీజేజేఎఫ్ అనే అంతర్జాతీయ సమాఖ్య నియమాల ప్రకారం 16 ఏళ్లు వస్తేగానీ నీలం బెల్ట్ ఇవ్వకూడదు. అంతవరకు పిల్లలకు తెలుపు, బూడిద, పసుపు, నారింజ, ఆకుపచ్చ బెల్టులే. పెద్దవాళ్లు నీలంలో కనీసం 2 ఏళ్లు, ఊదాలో ఏడాదిన్నర, గోధుమ రంగులో ఏడాది ఉండాలి. నలుపుకు కనీస వయసు 19. అది కాగితం మీది లెక్క, గోదాలో లెక్క సాధారణంగా దానికి రెట్టింపు. పదేళ్ల పిల్లవాడికి ఎవరైనా జియు-జిట్సు బ్లాక్ బెల్ట్ ఇస్తామంటే చెప్పులు తొడుక్కుని బయటికి వచ్చేయవచ్చు.

ఈ ఉత్తరం రెండో ప్రశ్న కోసం. పట్టు అంటే కీలు విరిచో మెడ నొక్కో ప్రత్యర్థి చేత ఓటమి ఒప్పించేది. ఎన్ని పట్లు అన్న ప్రశ్నే తప్పు. ఆ ప్రశ్నకు లొంగి రోజుకో కొత్త పట్టు చూపించే శిక్షకులది ఇంకా పెద్ద తప్పు.

ఈ ఆటలో పాయింట్లు ఎలా వస్తాయో చూస్తే విషయం సగం తెలుస్తుంది. నిలబడి ఉన్నవాణ్ణి పడేస్తే 2. గార్డ్‌లో, అంటే కాళ్లతో ప్రత్యర్థిని అడ్డుకుంటూ కింద ఉన్నవాడు అతణ్ణి తిప్పేసి పైకి వస్తే 2, దాన్ని స్వీప్ అంటారు. ఆ కాళ్ల అడ్డు దాటి పక్కకు చేరితే 3, అదే గార్డ్ పాస్. పొట్ట మీద మోకాలు పెడితే 2. ఛాతీ మీద ఎక్కి కూర్చుంటే, అంటే మౌంట్‌కు 4. వెనకనుంచి ఛాతీని వీపుకు ఆనించి, రెండు మడమలూ తొడల లోపల కొక్కేల్లా వేస్తే 4. ఏదైనా 3 సెకన్లు నిలబెడితేనే లెక్క. పాయింట్ల కోసం కావాలని వదిలి మళ్లీ అదే పొజిషన్‌కు వస్తే పాయింట్లుండవు.

ఈ అంకెలు ఎవరో తోచినట్టు వేసినవి కావు. నిజంగా కొట్లాట జరిగితే ఎక్కడ ఉన్నవాడు దెబ్బ తగలకుండా దెబ్బ వేయగలడో అక్కడికి ఎక్కువ పాయింట్లు. మౌంట్‌లో పైనున్నవాడి గుద్దు కిందివాడి ముఖానికి అందుతుంది, కిందివాడి గుద్దు అందదు, అందినా అందులో బలం ఉండదు. వెనకనున్నవాడైతే అసలు కనబడడు. 1993 నవంబర్ 12న డెన్వర్‌లో జరిగిన మొదటి యూఎఫ్‌సీలో, అంటే వేర్వేరు యుద్ధ కళలవాళ్లు తలపడిన పోటీలో, జియు-జిట్సు యోధుడు రాయిస్ గ్రేసీకి తొలి ప్రత్యర్థి ఆర్ట్ జిమ్మర్సన్ అనే బాక్సర్. ఒక చేతికే గ్లవ్ తొడుక్కుని వచ్చాడు. గ్రేసీ అతణ్ణి పడేసి మౌంట్ ఎక్కాడు. ఇంకా ఏ పట్టూ వేయలేదు, మెడా చెయ్యీ ఏదీ దొరకబుచ్చుకోలేదు. జిమ్మర్సన్ నేలను తట్టి ఓటమి ఒప్పుకున్నాడు. అతణ్ణి ఓడించింది పొజిషన్.

ఇప్పుడు ఆ పట్టికలో లేనిది చూడండి. తప్పించుకోవడానికి పాయింట్లు లేవు. మౌంట్ కింద నుంచి ప్రత్యర్థిని దొర్లించి మీరు పైకి వచ్చినా సున్నాయే, ఎందుకంటే అది గార్డ్ నుంచి మొదలవలేదు కాబట్టి స్వీప్ కాదు. పక్క పొజిషన్ (సైడ్ కంట్రోల్) కింద నలిగి నలిగి, మోకాలు లోపలికి దూర్చి గార్డ్ తెచ్చుకున్నా సున్నా. కొత్తగా చేరినవాడు మొదటి ఆరు నెలలు గడిపేదేమో అక్కడే! స్కోరుబోర్డు చూపదు, ఫొటోలో పడదు, తల్లిదండ్రులకు తెలియదు. దాంతో శిక్షకుడు కూడా దాన్ని పక్కన పెడతాడు. ఫలితం ఏమిటంటే, పన్నెండు రకాల పట్లు తెలిసిన పిల్లవాడు ఒక్కటి కూడా వేసే చోటికి ఎప్పటికీ చేరుకోడు.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఇక్కడ ఈ ఆటలోకి వచ్చేవాళ్లలో కుస్తీ, జూడో, కబడ్డీ ఆడి వచ్చినవాళ్లు ఎక్కువ. ఆ ఆటల వల్ల వాళ్లకు వచ్చిన బలం, తెగువ, తుంటి బరువు వేయడం గొప్ప పెట్టుబడి. కానీ వాటితో పాటే కొన్ని అలవాట్లు వస్తాయి.

కుస్తీలో రెండు భుజాలూ నేలకు ఆనితే చిత్తు. అందుకని మల్లుడు పడగానే బోర్లా తిరుగుతాడు. ఆలోచించి చేసేది కాదు, ఒళ్లే తిరుగుతుంది. జియు-జిట్సులో వెల్లకిలా ఉండటం ఓటమి కాదు, అది గార్డ్‌కు నాంది. బోర్లా తిరగడమే వీపును పళ్లెంలో పెట్టి ఇవ్వడం: 4 పాయింట్లు, ఆ వెంటనే చోక్, అంటే మెడ నొక్కే పట్టు. జూడోవాళ్లదీ ఇదే కథ. తాబేలులా ముడుచుకుంటే జూడోలో రెఫరీ కాసేపటికి ఆపి నిలబెడతాడు. ఇక్కడ ఆపేవాడు లేడు. కబడ్డీవాళ్లది వేరే తప్పు. చీలమండ పట్టుకోవడానికి, తొడ పట్టుకోవడానికి తల దించి దూకుతారు. రైడర్ గొంతు పట్టడు కాబట్టి కబడ్డీలో అది చెల్లుతుంది. ఇక్కడ దించిన తల ప్రత్యర్థి చంకలోకి వెళితే అదే గిలటిన్ చోక్. కాళ్ల మీదకు వెళ్లేటప్పుడు చూపు పైకి, వీపు నిటారుగా, తల ప్రత్యర్థి పక్కటెముకలకు గట్టిగా ఆనించి ఉండాలి. ఈ మూడు అలవాట్లూ నోటితో చెబితే పోవు. ఆ స్థితి నుంచి వందసార్లు మొదలుపెట్టిస్తేనే పోతాయి.

అందుకే మొదట నేర్పవలసింది సైడ్ కంట్రోల్ కింద నుంచి బయటపడటం. వివరంగా చెబుతాం, ఎందుకంటే క్లాసుల్లో ఎక్కువగా తప్పు నేర్పేది ఇదే.

ప్రత్యర్థి మీ కుడి పక్కన, ఛాతీ మీద అడ్డంగా పడుకుని ఉన్నాడనుకోండి. ఒక చెయ్యి మీ తల కింద వేసి, భుజంతో మీ దవడను అవతలికి నెడుతున్నాడు. దీన్నే క్రాస్‌ఫేస్ అంటారు. తల ఎటు తిరిగితే ఒళ్లు అటు తిరుగుతుంది. మీరు అతనివైపు తిరగాలి, అతను మీ ముఖాన్ని అవతలికి తిప్పాడు. అందుకే కదలలేకపోతున్నారు, అతని బరువు వల్ల కాదు. మొదటి పని ఆ భుజం ఒత్తిడి తీయడం. ఎడమ ముంజేయి అతని మెడకు అడ్డంగా, కుడి ముంజేయి అతని తుంటికి అడ్డంగా పెట్టాలి. తోసేది అరచేతులతో కాదు, ఆపేది ముంజేతి ఎముకతో. మోచేతులు మీ ఒంటికి దగ్గరగా ఉండాలి. కండరం అలసిపోతుంది, ఎముక అలసిపోదు.

తరవాత పాదాలు రెండూ పిరుదులకు దగ్గరగా లాక్కుని, నడుమును అతనివైపు పైకి ఎగదోయాలి. ఇది అతణ్ణి పడేయడానికి కాదు, జానెడు ఖాళీ తేవడానికి. నడుము కిందికి దిగే లోపే కుడి పక్కకు ఒరిగి, ఎడమ పాదంతో నేలను తన్ని, పిరుదులను అవతలికి జరపాలి. రొయ్య వంగినట్టు ఉంటుంది కాబట్టి ష్రింప్ అన్నారు. అలా వచ్చిన ఖాళీలోకి కుడి మోకాలు దూరి, ముంగాలు అతని పొట్టకు అడ్డం పడాలి. మోకాలు లోపలికి వచ్చిందంటే సగం గెలిచినట్టు.

తప్పులు ఎక్కడ జరుగుతాయో కూడా చెబుతాం. ఒకటి, భయంతో చేతులు చాచి ఛాతీని తోయడం. చాచిన చెయ్యి అంటే మోచేతి కీలును అప్పగించినట్టే, మోచేతిని వెనక్కి విరిచే ఆర్మ్‌బార్ అక్కడే పుడుతుంది. రెండు, ప్రత్యర్థి మెడను కౌగిలించుకోవడం. మీ మీద నుంచి వెళ్లవలసినవాణ్ణి మీరే పట్టి ఉంచుతున్నారు. మూడు, పక్కకు ఒరగకుండా వెల్లకిలా ఉండే జరగడం. వీపు మొత్తం నేలకు ఆనితే రాపిడికే బలం అంతా ఖర్చయి, పిరుదులు జానెడు కూడా కదలవు. నాలుగు, జరిగి ఆగిపోవడం. మోకాలు వెంటనే రాకపోతే పైనున్నవాడు ఆ ఖాళీని మళ్లీ మూసేస్తాడు. వార్మప్‌లో మ్యాట్ ఈ చివర నుంచి ఆ చివరకు ష్రింప్ చేసుకుంటూ వెళ్లే పిల్లలు, మీద మనిషి పడగానే ఒక్కటి కూడా చేయలేకపోవడానికి కారణం ఈ నాలుగే. ఖాళీ మ్యాట్ మీద ముంజేతులు అడ్డుపెట్టే పనే ఉండదు కదా.

మౌంట్ కింద నుంచి రెండు దారులున్నాయి, రెండూ కలిపి వాడాలి. మొదటిది దొర్లించడం. అతని ఒక చేతిని మీ ఛాతీకి బంధించి, అదే వైపు కాలిని మీ పాదంతో అడ్డుకుని, ఆ భుజం మీదుగా ఏటవాలుగా నడుము ఎత్తాలి. నిట్టనిలువుగా ఎత్తితే అతను గుర్రం మీద కూర్చున్నట్టు కూర్చుంటాడు. చెయ్యి బంధించకపోతే దాన్ని నేలకు ఆనించి ఆగిపోతాడు. రెండోది మోచెయ్యి, మోకాలు కలిపే దారి. దొర్లిస్తారని భయపడి అతను కాళ్లు వెడల్పు చేసినప్పుడు, పక్కకు ఒరిగి, మోచేతితో అతని మోకాలిని కిందికి నెట్టి, మీ మోకాలు లోపలికి తెచ్చి అతని కాలిని మీ రెండు కాళ్ల మధ్య బంధిస్తే హాఫ్ గార్డ్. ఒక దారి బెదిరిస్తేనే రెండోది తెరుచుకుంటుంది. పైనున్నవాడికి ఒక మాట: తుంటి మీద కూర్చుంటే ఎగిరిపోతారు, మోకాళ్లు చంకల్లోకి ఎక్కించండి. పదిసార్లు ప్రపంచ విజేత అయిన రోజర్ గ్రేసీ పేరు పడింది మౌంట్ నుంచి, ప్రత్యర్థి దుస్తుల కాలర్ పట్టి మెడ నొక్కే కాలర్ చోక్‌తో. తెల్ల బెల్టు మొదటి నెలలోనే నేర్చుకునే పట్టు అది. కింద ఉన్నవాళ్లకు అదే వస్తుందని తెలిసినా ఆపలేకపోవడానికి కారణం, చోక్ మొదలయ్యేసరికే పొజిషన్ ముగిసిపోయి ఉండటం.

వెనక చిక్కితే గడ్డం దించుకోవడం రక్ష కాదు, గడువు మాత్రమే. ఒక చెయ్యి భుజం మీదుగా, ఒకటి చంక కిందుగా వస్తుంది. చోక్ వేసేది పైనుంచి వచ్చినది. ఆ ఒక్క చేతిని మీ రెండు చేతులతో పట్టాలి. చంక కింద చెయ్యి ఉన్న వైపుకు ఒరిగి, వీపును నేలకు ఆనించి, పిరుదులు జార్చుకుంటూ కొక్కెం దాటాలి. రెండో వైపు ఒరిగితే అతని పని సులువు చేసినట్టు. వెనకనున్నవాడు తన పాదాలు రెండూ ముందువైపు ముడివేస్తే మాత్రం అది అతని పొరపాటు. కిందివాడు తన కాళ్లను ఆ ముడి మీద వేసి తుంటి ముందుకు తోస్తే, చీలమండ నొప్పికి అతనే నేలను తడతాడు.

కిందివాడు కాళ్లను మీ నడుము చుట్టూ ముడివేసే క్లోజ్డ్ గార్డ్ గురించి ఒక్క సూత్రం చాలు: మీ చేతులు రెండూ ఆ కాళ్ల లోపలుండాలి, లేదా రెండూ బయటుండాలి. ఒకటి లోపల ఒకటి బయట ఉంటే కాళ్లతో మెడను, ఒక చేతిని కలిపి బంధించే ట్రయాంగిల్ చోక్‌కు కావలసిన సామగ్రి మీరే సమకూర్చినట్టు.

ఇక సాధన. 90 నిమిషాల క్లాసు చాలాచోట్ల ఇలా నడుస్తుంది: అరగంట పరుగులు, పుషప్‌లు, అరగంట కొత్త పట్టు, ఎదుటివాడు బొమ్మలా పడుకుని ఉంటాడు, చివర అరగంట ఎవరిష్టం వాళ్లది. దీంట్లో నేర్చుకునే సమయం ఎంత? అయిదు నిమిషాల స్వేచ్ఛా పోరులో సైడ్ కంట్రోల్ కింద పడేది ఒకసారో రెండుసార్లో. అందులోనూ ఒకసారి పడితే బలహీనుడు మిగతా సమయమంతా అక్కడే నలుగుతాడు. బలవంతుడైతే అక్కడికి రానే రాడు. ఇద్దరూ ఏమీ నేర్చుకోరు.

దానికి బదులు పొజిషన్ నుంచి పోరు పెట్టాలి. పది నుంచి పదిహేను నిమిషాలు వార్మప్, అందులోనూ ష్రింప్, బ్రిడ్జ్ (నడుము ఎగదోయడం), ఒక చెయ్యి నేలకు ఆనించి లేవడం లాంటి పనికొచ్చే కదలికలే. ఇరవై నిమిషాలు ఒకే పొజిషన్‌లో ఒకటి రెండు వివరాలు. ఆ తరవాత నలభై నిమిషాలు ఆ పొజిషన్ నుంచే పోరు. చివర పదిహేను నిమిషాలు స్వేచ్ఛగా. పోరు 2 నిమిషాల రౌండ్లుగా ఉండాలి. సైడ్ కంట్రోల్‌లో మొదలు. కిందివాడు గార్డ్ తెచ్చుకున్నా, లేచి నిలబడినా గెలిచినట్టు. పైవాడు మౌంట్‌కో వెనక్కో చేరితే గెలిచినట్టు. ఎవరు గెలిచినా ఆ క్షణమే ఆపి, మళ్లీ అక్కడినుంచే మొదలు. రౌండ్ అయ్యాక పైవాడు కింద, కిందివాడు పైన. ఇలా చేస్తే రెండు నిమిషాల్లోనే అయిదారుసార్లు అదే చిక్కుముడి విప్పుకోవలసి వస్తుంది.

దీన్ని కూడా చెడగొట్టే మార్గాలు ఉన్నాయి. మొదటి రోజే పూర్తి బలంతో పెడితే కొత్తవాడు ఊపిరాడక భయపడి మరుసటి రోజు రాడు. మొదటి వారం కిందివాడి ముంజేతులు ముందే సరిగ్గా పెట్టించి మొదలుపెట్టండి, పైవాడు బరువు వేయాలి తప్ప చేతులు లాగకూడదు. రెండో వారం పైవాడు ముందుకు వెళ్లవచ్చు, పట్టు వేయకూడదు. మూడో వారం క్రాస్‌ఫేస్ పడి, ముంజేతులు లేకుండా, అన్నీ అనుమతిస్తూ. అంటే ఒక్క పొజిషన్ మీద మూడు వారాలు. మూడో రోజుకే విసుగు అంటారు పిల్లలు. అనుకోనివ్వండి.

ఇంకో చిక్కు, పైవాడు గెలవడం కోసం బండరాయిలా పట్టుకుని కూర్చోవడం. 20 సెకన్లలో ముందుకు కదలకపోతే అతను ఓడినట్టు అని నియమం పెడితే అది పోతుంది. బరువుల తేడా 15 కిలోలు దాటితే మొదట్లో బరువైనవాణ్ణి కిందే ఉంచాలి. అతనికి తప్పించుకోవడం వస్తుంది, తేలికవాడికి బరువు వేయడం వస్తుంది. ముగ్గురు నలుగురు వరుసలో నిలబడి, గెలిచినవాడు మ్యాట్ మీద ఉండిపోయే పద్ధతి చూడ్డానికి హుషారుగా ఉంటుంది గానీ, అందులో అలవాటుగా గెలిచేవాడికే ఎక్కువ సాధన దక్కుతుంది. మేమైతే ఓడినవాణ్ణే ఉంచమంటాం.

భద్రత గురించి తల్లిదండ్రులు అడగరు, కాబట్టి అడగకుండానే చెబుతాం. తట్టడం అవమానం కాదు. చేత్తో రెండు మూడుసార్లు తట్టాలి, చేతులు చిక్కితే పాదంతో తట్టాలి, లేదా నోటితో గట్టిగా చెప్పాలి. తట్టిన క్షణం వదలాలి, మరో సెకను కూడా పట్టి ఉంచకూడదు. మెడకు రెండు పక్కలా రక్తనాళాలు నొక్కితే స్పృహ తప్పడానికి కొద్ది సెకన్లు చాలు. హీల్‌హుక్ అన్నింటికంటే మోసకారి. మడమను మెలితిప్పితే దెబ్బ మోకాలికి తగులుతుంది, నొప్పి తెలిసేసరికి లోపలి స్నాయువు తెగి ఉండవచ్చు. అందుకే ఐబీజేజేఎఫ్ దాన్ని గోధుమ, నలుపు బెల్టుల పెద్దవాళ్లకు, అదీ గీ (ఈ ఆటకు వేసుకునే దళసరి దుస్తులు) లేని పోటీల్లోనే అనుమతించింది. తెల్ల బెల్టు పెద్దలకు కాళ్ల పట్లలో అనుమతి ఉన్నది నిటారు చీలమండ పట్టుకు. హైస్కూలు పిల్లలకు వీడియో చూపించి హీల్‌హుక్ నేర్పే చోట మీ పిల్లల్ని ఉంచకండి.

మ్యాట్ శుభ్రత ఇంకో సంగతి. మన వాతావరణంలో, ముఖ్యంగా కోస్తాలో ఉక్కపోత ఎక్కువ, తామర తొందరగా అంటుకుంటుంది. గీ ప్రతి క్లాసుకూ ఉతకాలి, ఆరబెట్టి మళ్లీ తొడుక్కోవడం కుదరదు. గోళ్లు కత్తిరించాలి, మరుగుదొడ్డికి చెప్పులతో వెళ్లాలి, మ్యాట్ రోజూ క్రిమిసంహారకంతో తుడవాలి. ఒంటి మీద గుండ్రటి ఎర్రమచ్చ ఉన్నవాణ్ణి, ఎంత మంచి ఆటగాడైనా, తగ్గేదాకా ఇంటికి పంపాలి. పోటీ దగ్గర పడిందని రానిచ్చేస్తారు, వారం తిరక్కుండా జట్టులో సగం మంది గోక్కుంటుంటారు.

చేర్చే ముందు తల్లిదండ్రులు ఒక క్లాసు మొత్తం గోడ పక్కన కూర్చుని చూడాలని మా సలహా. కొత్త పిల్లవాడు కింద ఇరుక్కుని ఉంటే శిక్షకుడు ఏమంటున్నాడో వినండి. "గట్టిగా తొయ్యి, లే, బలం పెట్టు" అంటున్నాడా, లేక "మోచెయ్యి లోపలికి తీసుకో, అతనివైపు తిరుగు, ఇప్పుడు పిరుదులు జరుపు" అంటున్నాడా? తేడా అక్కడే తెలుస్తుంది.

మీ క్రీడా విలేకరులకు కూడా ఒక మనవి. ఫలితం రాసేటప్పుడు పతకం రంగుతో పాటు ఆట ఎలా మలుపు తిరిగిందో ఒక్క వాక్యం చేర్చండి. "0-4తో వెనకబడి, మౌంట్ కింద నుంచి బయటపడి, చివరి నిమిషంలో వెనకనుంచి చోక్‌తో గెలిచింది" అని రాస్తే పట్టేది ఒక వరుసే. దాంట్లో బయటపడటం అన్న ముక్క మాత్రం కత్తిరించకండి.

ఇట్లు,
జియు-జిట్సు శిక్షకులు కొందరు,
హైదరాబాద్